అఖిల కలిపిన ఆవకాయ

మీ అమ్మాయిని వారం రోజులు ముక్కూ మొహం తెలియని వాళ్ల మధ్య వదిలిపెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వెళ్లగలరా? తొందరపడి "వెళ్లగలం" అనకండి. చాలా ఏళ్లుగా ఆడపిల్లల సమ్మర్ క్యాంపులు నడుపుతున్నాను. బ్యాగు చేతికిచ్చాక కూడా గేటు వదలని తండ్రులను, సందు మలుపు దాకా వెళ్లి "దుప్పటి పెట్టానో లేదో" అంటూ తిరిగొచ్చే తల్లులను చాలామందిని చూశాను. వాళ్లను ఎగతాళి చెయ్యను. కానీ పిల్లతో పాటు ఆ బ్యాగులో ఇంటి నుంచి ఇంకా ఏమేం సర్ది పంపుతున్నారో వాళ్లకే తెలియదని నా అనుభవం.

2023 మే నెల. ఎల్బీ నగర్‌లో మెయిన్ రోడ్డుకు లోపలి సందులో ఒక స్కూలు. సెలవుల్లో ఖాళీగా ఉండే ఆ భవనాన్ని మా సైన్స్ ప్రచార సంఘం వారం పాటు తీసుకుంది. బెంచీలన్నీ ఒక గదిలోకి నెట్టి, మిగతా గదుల్లో పరుపులు పరిచాం. నేను జీవశాస్త్రం టీచర్ని, ఆ క్యాంపుకు ఇన్‌చార్జిని. మాది రెసిడెన్షియల్ క్యాంపు, అంటే పిల్లలు వారమంతా అక్కడే తిని అక్కడే పడుకోవాలి. ఫోన్లు ఉండవు. ఇంటికి మాట్లాడాలంటే నా ఫోను ఉంది. వంటకు ఒకామె ఉన్నా కూరలు తరగడం, పిండి కలపడం, వడ్డించడం పిల్లలు వంతులవారీగా చెయ్యాలి. దీన్ని కిచెన్ డ్యూటీ అంటాం. నేను పెట్టుకున్న నియమం ఇంకొకటుంది. చేసి చూసి తేల్చుకోగలిగిన ప్రశ్నకు పెద్దవాళ్లెవరూ నోటితో జవాబు చెప్పకూడదు.

అఖిల అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసింది. ఇల్లు సైదాబాద్. తల్లిదండ్రులు నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. తండ్రి యాదగిరిది ట్రాలీ ఆటో. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లు ఇంటి పక్కనే కిరాయిలు దొరికేవి. మార్కెట్ తరలిపోయాక తెల్లారకముందే బయల్దేరాల్సి వస్తోంది. ఆ ఆటోలోనే కూతుర్ని దింపి, ఆమె వినేట్టుగానే నాతో అన్నాడు:

"మేడం, గీమె రెసిడెన్షియల్ కాలేజ్, హాస్టల్ అని ఇంట్ల ఒకటే లొల్లి. దోమ కుడితే అమ్మను లేపుతది. గీమె హాస్టల్ల ఉంటదంట!"

"డాడీ, జర ఆపు."

"ఆపుడేంది? నీ ముంగటనే చెప్తున్న. వారం ఉండి చూపియ్. నడుమల ఫోన్ చేసి తోల్కపొమ్మంటివా, కాలేజ్ మాట మళ్ల ఎత్తొద్దు. ఇంటి కాడ ఏది దొరికితే గదే చదువు."

అఖిల తలూపింది. అంటే ఆ వారం ఆమెకు క్యాంపు కాదు, పరీక్ష.

మొదటి రెండు రాత్రులు ఆమె సరిగా నిద్రపోలేదు. కొత్తచోట ఇంటి మీద బెంగను మేం హోమ్‌సిక్‌నెస్ అంటాం. చాలామంది పిల్లలు దానికి కడుపునొప్పి అని పేరు పెడతారు. అఖిల ఆ పేరు కూడా పెట్టలేదు. ఫోను అడగనే లేదు. అడిగితే తన గొంతు తండ్రికి తెలిసిపోతుందని భయం కాబోలు. పక్క పరుపు మీద గ్రేస్ అనే పిల్ల ఉండటం ఆమె అదృష్టం. ఎల్బీ నగర్‌కే చెందిన గ్రేస్‌కు నోరు మూతపడదు. చీకట్లో కూడా ఏదో ఒకటి చెప్పి నవ్వించేది. మూడో రోజుకు అఖిల నవ్వు మెట్ల మీద నుంచే వినిపించసాగింది.

నాలుగో రోజు ఆవకాయ. మే నెలలో మా రసాయన శాస్త్రం పాఠం అదే. ఉప్పు ఏం చేస్తుంది, నూనె పైకి తేలి గాలిని ఎలా ఆపుతుంది, తడి ఎందుకు తగలకూడదు. ఆ రోజు కిచెన్ డ్యూటీ అఖిల, గ్రేస్ ఉన్న జట్టుది. కొత్తపేట నుంచి వచ్చిన హారిక ఆ జట్టుకు నాయకురాలు. వాళ్లది గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం, ఆవకాయ అంటే హారికకు అధికారం వచ్చేస్తుంది. కాసేపటికి విసురుగా నా దగ్గరికొచ్చింది.

"ఏంటి మేడం ఇది? మాకు కాయలు తుడిచి తుడిచి చేతులు పడిపోతున్నాయి. ఆవిడగారేమో మహారాణిలా వరండాలో కూర్చుంది. పిలిస్తే పలకదు!"

వెళ్లి చూశాను. అఖిల గోడవైపు తిరిగి కూర్చుంది.

"మేడం, డాడీకి ఫోన్ చెయ్యుర్రి. ఒచ్చి తీస్కపొమ్మనుర్రి."

"ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"లేదు."

"ఫోన్ చేస్తే ఏమవుతుందో తెలుసు కదమ్మా?"

"తెలుసు," అంది. అప్పుడు ఏడ్చింది. ఏడుపు మధ్యలో తెగిన ముక్కలుగా చెప్పింది. పొద్దున్నే నెలసరి వచ్చింది. ఇంట్లో అయితే ఆ మూడు దినాలు బాల్కనీ దగ్గర చాప వేస్తారు. ప్లేటు వేరు, గ్లాసు వేరు. వంటింటి గడప దాటకూడదు. పచ్చడి జాడీ మీద నీడ కూడా పడకూడదు.

"ముట్టుకుంటే బూజు పడ్తదంటది అమ్మ."

"నువ్వు నమ్ముతావా?"

"నమ్ముడు గాదు మేడం. ఒకేళ నిజమైతే? గింతమంది తినేది. నా వల్ల కరాబైతే?"

ఈ ఆచారం మీద నేను వేదికలెక్కి వాదించినదాన్ని. "అది ఆడవాళ్ల విశ్రాంతి కోసం పెద్దలు పెట్టిందమ్మా" అని నాతో అనేవాళ్లు ప్రతి సభలోనూ ఉంటారు. విశ్రాంతికైతే మంచం ఇవ్వాలి, మూలన చాప ఎందుకు? విశ్రాంతికైతే ఆమె తాగిన గ్లాసు మీద నీళ్లు ఎందుకు చల్లుతారు? పొలంలో నాట్లు వేసేటప్పుడు, షాపులో రోజంతా నిలబడి బట్టలు చూపించేటప్పుడు ఆ విశ్రాంతి ఏమైపోతుంది? అడిగితే జవాబు రాదు, కోపం వస్తుంది. ఆ ఉపన్యాసమంతా ఆ పూట కూడా నా నాలుక చివరే ఉంది.

కానీ ఆ పిల్ల కళ్లలో ఉన్నది దేవుడి భయం కాదు, పాపభీతి కాదు. తన వల్ల తోటివాళ్ల తిండి పాడవకూడదన్న బాధ్యత. మూఢనమ్మకం ఎంత గడుసుదో చూడండి. మనిషిలోని చెడ్డగుణాన్ని కాదు, అన్నిటికన్నా మంచి గుణాన్ని వెతికి పట్టుకుని దాని మీద పీట వేసుకుని కూర్చుంటుంది. అలాంటి పిల్లకు "మీ అమ్మ చెప్పింది తప్పు" అని నేను తీర్పు చెబితే ఆమెకు ఒక అమ్మ బదులు ఇంకో అమ్మ మాట దొరుకుతుంది, అంతే. పైగా ఆమె అడిగినది తేల్చుకోగలిగిన ప్రశ్న. నా నియమం నాకు గుర్తుంది.

"ఏమో, చూద్దాం" అన్నాను.

"ఎట్ల చూస్తం?"

జవాబు వెనక నుంచి వచ్చింది. అఖిలను వెతుక్కుంటూ వచ్చిన గ్రేస్ తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నది.

"గింతేనా అఖిలా? నాకు నిన్ననే ఒచ్చింది. పొద్దున పూరీల పిండి పిసికింది ఎవరనుకున్నవ్? ఎవ్వలన్న సచ్చిన్రా?"

గ్రేస్ వెనకే హారిక. ఆమె మొహం మాడిపోయింది. "అమ్మో! నేను నాలుగు పూరీలు తిన్నాను!"

"ఇంక రెండు కావాలని గూడ అడిగినవ్."

"పూరీ వేరు, ఆవకాయ వేరు. మా అమ్మమ్మ ఆ రోజుల్లో జాడీ ఉన్న గదిలోకే రానివ్వదు, తెలుసా?"

"మాది చర్చికి పోయే ఇల్లు. మా నాయనమ్మ గూడ రానియ్యది," అంది గ్రేస్. "దేవుడు మారిండు గని జాడీ మారలే."

అఖిల ఏడుస్తూనే నవ్వింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "మేడం, రెండు జాడీలు పెడ్దామా?" అంది.

ఒకటి అఖిల, గ్రేస్ కలపాలి. రెండోది హారిక, ఇంకో అమ్మాయి. కాయ, కారం, ఆవపిండి, ఉప్పు, నూనె అన్నీ సమానం. మొదలుపెట్టబోతుంటే అఖిలే ఆపింది. "ఆగుర్రి. అందరం చేతులు కడుక్కొని ఒక్క తీరుగ తుడుచుకోవాలె. ఒకరి చేతికి తడి ఉండి కరాబైతే, దేని వల్ల అయిందో ఎట్ల తెలుస్తది?" పరీక్షించే ఒక్క విషయం తప్ప మిగతావన్నీ సమానంగా ఉంచడాన్ని ప్రయోగంలో కంట్రోల్ అంటాం. కాలేజీ పిల్లలకు దాన్ని బోర్డు మీద రాసి వివరించాల్సి వస్తుంది. ఈమె వంటింటి గడప మీద నిలబడి, లోపలికి రావాలా వద్దా అన్న భయంలోనే కనిపెట్టింది. ఆ క్షణంలో ఆమెను దగ్గరికి తీసుకోవాలనిపించింది. కారం కొలుస్తున్న చేతులని ఊరుకున్నాను.

మూతలు పెట్టాక పిల్లల్ని బయటికి పంపి, ఒక జాడీకి ఎర్రదారం, ఇంకోదానికి తెల్లదారం కట్టాను. ఏది ఎవరిదో నాకొక్కదానికే తెలుసు. తెలిస్తే నాలుక అబద్ధమాడుతుంది కనుక ఇలా దాచి పరీక్షించడాన్ని బ్లైండ్ టెస్ట్ అంటారు.

"మరి మీ డాడీకి ఫోన్ చెయ్యనా?" అని అడిగాను.

అఖిల ఆలోచించింది. "మూడో దినం తిరగ కలుపుతరు గద మేడం. అప్పుడు నేను లేకుంటే ఎట్ల? వద్దు."

చివరి రోజు యాదగిరి భార్యతో వచ్చాడు. ఆమె పేరు సుజాత, ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మూడో రోజు దారాలు విప్పి ఎవరి జాడీ వాళ్ల చేతే తిరగ కలిపించి, వాళ్లు బయటికెళ్లాక మళ్లీ కట్టిన రెండు జాడీలూ బల్ల మీద ఉన్నాయి. అఖిల జరిగిందంతా వాళ్లకు తనే చెప్పింది. యాదగిరి మొహం పక్కకు తిప్పుకుని, చేతిలో ఉన్న ఆటో తాళం కోసం జేబులు వెతికాడు.

"ఆడోళ్ల ముచ్చట నా ముంగట ఎందుకే?"

"తినేది నువ్వు గూడ గద డాడీ. నీకు చెప్పొద్దా?"

అందరం చూస్తున్నాం. చివరికి ఆయన ఒక్కో జాడీలోంచి ఒక్కో ముక్క తీసుకుని తిన్నాడు.

"రెండిట్ల ఉప్పు ఎక్కువైంది" అన్నాడు.

హారిక మొహం చూసి తీరాలి. ఉప్పు కొలత ఆమెది.

"ఏడ్చినవా బిడ్డా?" అని అడిగాడు తర్వాత.

"ఏడ్చిన."

"మరి ఫోన్ ఎందుకు చెయ్యలే?"

"పచ్చడి ఏమైతదో చూడాల్నని."

యాదగిరి నవ్వాడు. "గట్లైతే హాస్టల్ల గూడ ఉంటవ్ తియ్."

సుజాత మాత్రం నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి, "ఏది దానిది మేడం?" అంది.

"ఇప్పుడు చెప్పను. మూడు రోజుల్లో ఏదీ తేలదు. బూజు పట్టేదైతే వానల్లో పడుతుంది. రెండూ మీరే తీసుకెళ్లండి, అప్పుడు చెప్తాను."

"అంటే రెండు ఒక్క కాడనే పెట్టాల్నా?"

"పెట్టాలి."

తీసుకెళ్లింది. జూన్ దాటాక అఖిల హాస్టల్లో చేరింది. వానలు జోరుగా కురిసే రోజుల్లో సుజాత ఫోన్ చేసింది. రెండూ మంచిగానే ఉన్నాయని, ఇప్పుడైనా చెప్పమని అడిగింది. ఎర్రదారం జాడీ అఖిలదని చెప్పాను.

"మేడం, ఒక్కటి చెప్త. నగొద్దు. పిల్ల పోయినంక నాకు ఆ దినాలొచ్చినయ్. ఇంట్ల ఎవ్వలు లేరు. జాడీల చెయ్యి పెట్టిన."

"ఏ జాడీలో?"

"ఏది దానిదో తెల్వదాయె. రెండిట్ల పెట్టిన. రోజు మూత తీసి చూసుడే. నాకు పెండ్లైన కాడికెల్లి గా చాప మీదనే కూసుంటి మేడం. ఒక్కపాలి గూడ చూడకపోతి."

ఈ సంగతి రాయొచ్చా అని అడిగితే, "పేర్లు మార్చి రాయుర్రి" అంది. మార్చాను.

ప్రయోగం దృష్టితో చూస్తే ఆమె నా కంట్రోల్‌ను నాశనం చేసింది. ఒక ప్రయోగం చెడిపోయినందుకు నేను అంతగా సంతోషించిన రోజు ఇంకొకటి లేదు. నిజానికి రెండు జాడీలతో శాస్త్రం తేలిపోదు. ఆవకాయను కాపాడేవి ఉప్పూ నూనే అని తేలి ఎంతో కాలమైంది. ఆ సంగతి నేను వేదికల మీద ఎన్నోసార్లు చెప్పాను. విన్నవాళ్లు చప్పట్లు కొట్టి ఇంటికెళ్లి చాప పరిచారు. అఖిల ఉపన్యాసం ఇవ్వలేదు. మూత తీసి చూసుకునే వీలు తల్లికి ఇచ్చింది. నా వృత్తిలో నేను నేర్చుకున్న పాఠం అదొక్కటే.

ఇప్పుడు మీ సంగతి. మీ ఇంట్లో ఆ రోజుల్లో పక్కన కూర్చునే మనిషి ఎవరో మీకు తెలుసు. ఈసారి ఆమెను లేపండి. అలసటగా ఉంటే మంచం మీద పడుకోనివ్వండి, మూలన కాదు. ఓపిక ఉంటే జాడీ ఆమె చేతికే ఇవ్వండి. ఆమె వడ్డించింది ఆమె పక్కన కూర్చుని, అందరూ చూస్తుండగా తినండి. వచ్చే నెలకు వాయిదా వెయ్యకండి.