ఆంటీతో భీమిలి భోజనం

జనక్‌పురిలో మేం పై అంతస్తులో ఉండేవాళ్ళం. కింద పంజాబీ ఆంటీ వాళ్ళు. మావారికి ఢిల్లీ బదిలీ అయి, హిందీ ఒక్క ముక్క రాకుండా నేను ఆ ఇంట్లో దిగినప్పుడు, కూరగాయల బండివాడితో నా తరఫున బేరమాడిపెట్టింది ఆవిడే. మా పాపయితే సగం రోజు ఆవిడ ఇంట్లోనే ఉండేది. దానికి తెలుగు అర్థమయ్యేది గానీ నోరు తెరిస్తే హిందీయే.

ఆంటీకి ఒక్కడే కొడుకు. చదువవగానే విశాఖపట్నంలో ఓడలు మరమ్మతు చేసే ఓ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. "మీ ఊరేగా బేటా, అక్కడ రొట్టెలు దొరుకుతాయా?" అని ఆవిడ నన్ను ఎన్నిసార్లు అడిగిందో. ఆదివారాలు ఎస్టీడీ బూత్ నుంచి అతను ఫోన్ చేస్తే, ముందు అడిగేది ఏం తిన్నావనే. "దాల్, చావల్" అనేవాడు. ఎప్పుడడిగినా అదే జవాబు. ఆవిడ ఫోను పెట్టేసి, "పిల్లాడు సగం కడుపుతో ఉంటున్నాడు" అని దుపట్టాతో కళ్ళు ఒత్తుకునేది.

ఒక దీపావళికి అతను సెలవు మీద వచ్చాడు. మెట్లెక్కి మా వంటింటి గుమ్మంలో కూర్చుని, తెలుగులో, "అక్కా, చేపల పులుసు పెట్టవా?" అన్నాడు. నేను తెల్లబోయాను. వాళ్ళింట్లోకి గుడ్డు కూడా రాదు. సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి భీమిలి వెళ్తాననీ, అక్కడ బస్టాండు వెనక ఒకావిడ నడిపే హోటల్లో చేపల పులుసుతో అన్నం తింటాననీ చెప్పాడు. "మమ్మీకి తెలిస్తే బాధపడుతుంది. చెప్పొద్దు" అన్నాడు. మా పాప పక్కనే కూర్చుని అంతా వింది.

ఆ మరుసటి వేసవిలో అతను పోయాడు. పచ్చకామెర్లు ముదిరిపోయాయి. అబ్బాయికి ఒంట్లో బాగాలేదని మాత్రమే ఆంటీకి చెప్పి అంకుల్ ఒక్కరే రైలెక్కారు. ఆయన చేరేసరికే అయిపోయింది. ఆ ఎండల్లో అంత దూరం తీసుకురావడం కుదరక దహనం అక్కడే జరిపించి, అస్థికలతో తిరిగొచ్చారు. ఆంటీ కొడుకు ముఖం చూసుకోలేదు.

ఆ తర్వాత ఆవిడ నోట ఒకటే మాట. "ఆకలితో పోయాడు నా కొడుకు. సరిగ్గా తిని ఉంటే జబ్బు తట్టుకునేవాడు." డాక్టరు చెప్పినా, అంకుల్ చెప్పినా వినేది కాదు. నేను చెప్పగలిగింది ఒకటుంది. కానీ చెప్పొద్దన్నవాడే లేకపోయాక ఆ మాట ఎలా దాటను?

మరుసటి ఏడు పాపను తీసుకుని పుట్టింటికి బయల్దేరుతుంటే ఆంటీ పైకొచ్చింది. "నన్నూ తీసుకెళ్తావా? వాడు తిరిగిన ఊరు చూడాలనుంది."

విశాఖలో అతను అద్దెకున్న గది చూపించాను. అప్పటికే వేరే ఎవరో ఉంటున్నారు. తీగ మీద చొక్కాలు ఆరేసి ఉన్నాయి. ఆవిడ ఆ చొక్కాలకేసి కాసేపు చూసి, "పద" అంది. ఆ సాయంత్రం, "సముద్రం దగ్గర ఇంకో ఊరు చెప్పేవాడు, సెలవు రోజుల్లో పోయేవాడట. అక్కడ బస్టాండు వెనక ఒకావిడ హోటల్లో పప్పన్నం తినేవాడట" అని గుర్తు చేసుకుంది.

పొద్దున్నే బస్సెక్కి భీమిలి వెళ్ళాం. ఆవిడ సముద్రాన్ని దగ్గరగా చూడటం అదే మొదలు. పాప నీళ్ళల్లోకి పరుగెత్తింది గానీ ఆవిడ తడి ఇసుక దాకా కూడా రాలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి, "ఎంత చప్పుడు!" అంది, అంతే.

మధ్యాహ్నానికి పాప ఆకలని గోల మొదలెట్టింది. "వాడు తినే చోటికే పోదాం" అంది ఆంటీ. అక్కడ వండేదేమిటో నాకు తెలుసు. అయినా కాదనలేకపోయాను.

బస్టాండు వెనక రేకుల షెడ్డు. నాలుగు బల్లలు. వీధిలోకే వేపుడు వాసన కొడుతోంది. ఆంటీ దుపట్టా ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఇంకో చోటికి వెళ్దాం ఆంటీ."

"వద్దు. కూర్చో."

హోటలావిడ నడివయసు మనిషి. "ఏటమ్మా, చేపా, కూరగాయలా?" అంది.

"పప్పన్నం, ముగ్గురికీ."

పాప పక్క బల్ల మీది కంచం చూపించి, హిందీలో గట్టిగా అనేసింది. "ఆంటీ, భయ్యా ఇదే తినేవాడు! మా మమ్మీతో చెప్పాడు."

ఆంటీ నావైపు తిరిగింది. "నిజమేనా?"

"నిజమే ఆంటీ."

ఆవిడ ఆ పక్క బల్ల మీది కంచం కేసి చూసింది. తర్వాత పర్సులోంచి కొడుకు ఫోటో తీసి హోటలావిడ ముందు పెట్టింది. ఆవిడ చెయ్యి చీరకు తుడుచుకుని ఫోటో అందుకుంది.

"ఓలమ్మ, హిందీ బాబు! పులుసు పోస్తే ఇంకొంచెం, ఇంకొంచెం అనీవోడు. ఆ మాట నేనే నేర్పాను. రావడం మానీసేడేటి? బదిలీ అయిపోనాదా?"

"ఏమంటోంది?" అంది ఆంటీ.

"బాగా తినేవాడట. అడిగి అడిగి పోయించుకునేవాడట."

"ఇంకా ఏదో అడిగింది."

నేను పాప గ్లాసులో నీళ్ళు పోయసాగాను. ఆంటీయే అర్థం చేసుకుంది. హోటలావిడ ముఖంలోకి చూస్తూ, "నహీ రహా" అంది. ఇక లేడన్న ఆ మాటకి తెలుగు చెప్పాల్సిన పని లేకపోయింది. హోటలావిడ "అయ్యో తల్లీ" అంటూ ఆంటీ పక్కన బెంచీ మీద కూలబడిపోయింది.

కుర్రాడొకడు తెచ్చిన పప్పన్నం పక్కకి నెట్టి, ఆంటీ ఖాళీ కంచం ముందుకు జరిపింది. "వాడికి పెట్టిందే పెట్టమను."

హోటలావిడ అన్నంలో పులుసు పోసి, ముళ్ళు తీసి, ముక్క చిదిపి పెట్టింది. ఆంటీ కలిపింది. ముద్ద నోటి దాకా తీసుకెళ్ళింది. రెండుసార్లు ప్రయత్నించింది గానీ వల్ల కాలేదు. ఇక ఆ ముద్ద మా పాప నోటికి అందించింది. తర్వాత ఇంకోటి. కంచం ఖాళీ అయ్యేదాకా తన చేత్తోనే తినిపించింది. పాప కారానికి ముక్కు ఎగబీలుస్తూనే మళ్ళీ నోరు తెరిచేది. మా పప్పన్నం బల్ల మీదే చల్లారిపోయింది.

తిరుగు బస్సులో పాప ఆవిడ ఒళ్ళో నిద్రపోయింది.

"నాకెందుకు చెప్పలేదు వాడు? కోప్పడతాననా?" అంది కిటికీలోంచి చూస్తూ.

పాప తల ఒళ్ళో సర్దుకుని, తనే అంది.

"కోప్పడేదాన్నే. ఒక వారం మాట్లాడేదాన్ని కాదు. తర్వాత అలవాటు పడేదాన్ని." కిటికీ రెక్క దించి, "వాడితో ఆ దెబ్బలాటైనా జరగలేదు" అంది.

రెండేళ్ళకి వాళ్ళు ఇల్లు అమ్మేసి కర్నాల్‌లో ఆంటీ చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. సామాన్ల లారీ కదిలాక కింద గేటు చాలాసేపు తెరిచే ఉండిపోయింది. చివరికి నేనే దిగి వెళ్ళి వేసొచ్చాను.