మా భయాలు తన దగ్గరుంచుకున్న మార్తమ్మత్త

నిన్న పొద్దున్నే కంపెనీ బస్సు లంకెలపాలెం దాటుతుంటే ఫోన్ మోగింది. మార్తమ్మత్త కూతురు ఎస్తేరు.

"అమ్మ ఇంక లేదు బావా."

మొన్న రాత్రే కదా మాట్లాడాను! తొమ్మిదిన్నరకి, ఎప్పట్లాగే.

"మంచమ్మీద కాదు బావా. గోడకాడ కూలబడిపోనాది. సెయ్యి గోడకే ఉన్నాది. పక్కనే తలుపు. గెడ అందనేదేమో."

బస్సు దిగిపోయాను. ఆ గోడ సంగతి నాకు తెలుసు. ఎలా తెలుసో ఇక్కడ చెప్పేస్తాను. చెప్పకపోతే ఇవాళ నాకు ముద్ద దిగదు.

మార్తమ్మత్త మా నాన్న చెల్లెలు. అనకాపల్లిలో ఒక నర్సింగ్ హోమ్‌లో ముప్పై ఏళ్ళు ఆయాగా నైట్ డ్యూటీ చేసింది. రిటైరయ్యాక గవరపాలెంలో ఇంట్లో కూర్చుని, నిద్రపట్టని వాళ్ళకి ఫోన్‌లో ప్రార్థన చేసేది. ఒక్కొక్కరికీ ఒక టైము.

నాది తొమ్మిదిన్నర.

పోయినేడాది మా ప్లాంట్‌లో స్టీమ్ లైన్ పగిలింది. నాకు దెబ్బేమీ తగల్లేదు. కాసేపు ఆ పొగలో డోర్ దొరకలేదు, అంతే. కానీ ఆ రోజు నుంచి కళ్ళు మూస్తే చాలు, అలారం. గోడ తడుముకుంటూ అడుగులు లెక్కపెడతాను. డోర్ రాదు. డాక్టర్ యాంగ్జయిటీ అని టాబ్లెట్లు రాశాడు. మగతగా ఉండేది తప్ప నిద్ర లేదు.

నాకు ప్రార్థనల మీద పెద్ద పట్టింపు లేదు. ఆదివారం చర్చిలో వెనక బెంచీ, అది కూడా ఫ్యాన్ కింద దొరికితేనే. అయినా ఒకరాత్రి తట్టుకోలేక అత్తకి ఫోన్ చేశాను.

"కాళ్ళు కడుక్కున్నావా? లైటార్పేవా? గుండె మీద సెయ్యేసుకో."

బైబిల్లోంచి ఒక్క వాక్యం చదివేది, బాగా నెమ్మదిగా. సగం వాక్యానికి ఊపిరి తీసుకోవాలి. మిగతా సగానికి వదలాలి. అలా పదిసార్లు. తర్వాత అడిగేది.

"దేనికిరా పెసాదూ బయ్యం? పేరెట్టి సెప్పు."

"అలారం అత్తా. డోర్ దొరకదు."

"సర్లే. ప్రభువా, ఈడి బయ్యం ఈ రేత్రికి నాకాడుంచు. తెల్లారేక నీకు అప్పగిత్తాను. ఆమేన్. ఇంక తొంగో."

మొద్దు నిద్ర పట్టింది. ఆ అలారం మళ్ళీ వినపడలేదు. ఫోన్ చేసిన ఏ రాత్రీ వినపడలేదు.

ఈ సంగతి తెలిసి పాస్టర్‌గారు మా అందరి ముందూ అత్తని మందలించారు. "భయాన్ని ప్రభువుకి అప్పగించాలి మార్తమ్మగారూ. మధ్యలో మీరు పుచ్చుకోవడం ఏంటి? అలా చెయ్యకూడదు."

"ఆయనకి లోకమంతా ఉన్నాది బాబూ. నాకెలాగూ రేత్రులు నిద్దర్రాదు. తెల్లార్లూ నేను పట్టుకుంటే ఏటయిపోద్ది?"

అందరం నవ్వేశాం. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను.

మొన్న వానల్లో ఒకరోజు డ్యూటీ దిగి, ప్రార్థన చేయించుకుని అత్త ఇంట్లోనే పడుకున్నాను. కరెంట్ పోయింది. మంచినీళ్ళ కోసం లేచి, ఫోన్ లైట్ వేశాను.

అత్త గోడ దగ్గర నిలబడి ఉంది.

కళ్ళు తెరిచే ఉన్నాయి. లైట్ మొహం మీద పడినా రెప్ప వాల్చలేదు. అరచేత్తో గోడ తడుముతూ ఒక్కో అడుగూ వేస్తోంది.

"తొమ్మిది... పది... పదకొండు..."

పదకొండు దగ్గర ఆగింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

ఆ పొగలో నేను వేసినవి పదకొండు అడుగులే. ఆ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు. అత్తకి కూడా చెప్పలేదు.

తర్వాత గొంతు మారింది. "నూతికి మూతెయ్యండే, పిల్లది అటెల్తంది" అంది.

ఆ ఇంట్లో నుయ్యి లేదు. పక్కవీధి రాహేలు కూడా రోజూ అత్తకి ఫోన్ చేస్తుందనీ, ఆవిడ భయం అదేననీ తర్వాత తెలిసింది.

అప్పుడే పిలవాల్సింది. "అత్తా, నాది నాకిచ్చెయ్" అనాల్సింది.

అనలేదు. చప్పుడు చేయకుండా వెళ్ళి దుప్పటి ముసుగేసుకున్నాను. హాయిగా నిద్ర కూడా పట్టింది, సిగ్గులేకుండా. మర్నాడు తొమ్మిదిన్నరకి మళ్ళీ ఫోన్ చేశాను.

ఒక్కసారి మాత్రం అడిగాను. "రాత్రుళ్ళు నీకేమీ అనిపించదా అత్తా?"

"నాకేటనిపిత్తాది? నువ్వు తొంగున్నావా లేదా, అది సెప్పు."

నిన్న డాక్టర్ వచ్చి గుండె ఆగిందన్నాడు. షుగర్ ఉంది, వయసు ఉంది. అందరూ తలూపారు. నేనూ ఊపాను.

సాయంత్రం సమాధి చేసి వచ్చాం. రాత్రి తొమ్మిదిన్నరకి చెయ్యి అలవాటుగా ఫోన్ మీదకి వెళ్ళింది. పక్కన పడేసి లైటార్పాను.

అలారం మోగింది.

అదే పొగ. అదే గోడ. పదకొండు అడుగులు.

చెమటతో పక్క తడిసిపోయింది. లేచి కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. భయమేసి కాదు. నాది నాకు తిరిగొచ్చేసింది. అంటే అత్త దగ్గర లేదు.

ఇవాళ పొద్దున్న ఎస్తేరుకి ఫోన్ చేశాను.

"రేత్రి ఎవులికీ నిద్దర్నేదంట బావా. ఒకలెనక ఒకలు ఫోన్లు. రాహేలక్కయితే పిల్లని ఒళ్ళో ఎట్టుకుని తెల్లార్లూ అలాగే కూకున్నాదంట."

ఎస్తేరు ఏడుస్తూ చెప్పింది. నాకు మాత్రం ప్రాణం తేలికపడింది.

అత్తా, ఎవరివి వాళ్ళకి చేరాయి. నీ దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

ఇకనుంచి మేం మేలుకుంటాం. ప్రభువు దగ్గర నువ్వు కలత లేకుండా, కల కూడా రాకుండా, కంటినిండా తొంగో.