ఎడమ భుజం మీద గేరు

గేరు బండిని కనిపెట్టిన దొర మా లక్ష్మన్న తాత దగ్గరకొచ్చి, ఆయన ఎడమ కాలికి మొక్కి వెళ్లాడు. నమ్మకపోతే మాధవరంలో ఎవరినీ అడగకండి, నవ్వుతారు.

తాత నేతగాడు. నడివయసులో మరమగ్గాల షెడ్డులో పనికి పోయి, చెవులు అక్కడే వదిలేసి వచ్చాడు. పక్కన నిలబడి అరిస్తేనే వినబడుతుంది. అయినా పాత టూ స్ట్రోక్ బండి మీద ప్రతి శనివారం ఒంటిమిట్ట అంగడికి చీరలు చేరవేస్తాడు. అవ్వ పోయాక ఆయనను మనుషులు పలకరించేది ఆ ఒక్క పూటే. మిగతా రోజుల్లో మగ్గం, గోడ, ఆయన.

ఈ మధ్య బండి రెండో గేరులోనే గీపెట్టుకుంటూ తిరుగుతోంది. ఊరంతా చెవులు మూసుకుంటుంటే ఆయన ఒక్కడే హాయిగా పోయేవాడు. చివరికి ఒక శనివారం గేరు కడ్డీ అసలు కదల్లేదు. చీరలు ఇంట్లోనే ఉండిపోయాయి. తాత బండిని మెకానిక్ సుందరం దగ్గరకు తోసుకుపోయాడు.

సుందరం గేర్‌బాక్సు కింది నట్టు విప్పితే, నల్లటి చిక్కటి నూనెలో ఇనుప రజను మెరుస్తూ కారింది.

“ఈ ఆయిలు ఎప్పుడు మార్చినావు మామా?”

“పెట్రోల్లో కలుపుతానే ఉండా కదప్పా!”

“అది ఇంజన్ తాగేది. గేర్లకు వేరేగా పొయ్యాల. ఇన్నాళ్లూ వాటి నోరు ఎండబెట్టినావు గదా!”

కొత్త ఆయిలు పోసి, క్లచ్ వైరు సరిచేసి, సుందరం వెనక కూర్చుని తాతను నడపమన్నాడు. గేర్లు మెత్తగా పడ్డాయి. కానీ తాత రెండోది దాటలేదు. బండి మళ్లీ గీపెట్టింది. “మార్చు మామా!” అన్న అరుపు గాలికి కొట్టుకుపోతే, సుందరం ఆయన ఎడమ భుజం తట్టాడు. తాత కాలు తనంతట తానే మూడో గేరు వేసింది.

ఆ వెంటనే బండిని పక్కకు తీసి ఆపేశాడు.

“భుజం తట్టమని నీకెవురు చెప్పినారు?”

సుందరం బిత్తరపోయాడు. ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్లూ వెనక కూర్చుని ఇంజన్ మోత విన్నది మా అవ్వ చౌడేశ్వరి. ఎడమ భుజం తడితే గేరు పెంచాలి, కుడి భుజం తడితే తగ్గించాలి. ఆ సంగతి తాత తల వంచుకుని, హ్యాండిల్‌కు చెబుతున్నట్టు చెప్పాడు.

సుందరం ఆయన చెవి దగ్గర అరిచాడు. “మోకాళ్లతో ట్యాంకును అదిమి పట్టు మామా. వణుకు ఎక్కువైతే పెంచు. బండి ముక్కితే దించు. చెవులతో పనిల్యా.”

ఆ వారమంతా తాత మామిడి తోటల దారిలో ఒక్కడే తిరిగాడు. వణుకు అంతు చిక్కింది. శనివారం పొద్దున చీరల మూటను వెనక సీటుకు కట్టబోయి, ఆగి, ట్యాంకు మీదికి మార్చుకున్నాడు. ఆ ఖాళీ సీటు చూసి ఊరుకోలేక నేను ఎక్కి కూర్చుని, ఆయన చెవిలో అరిచాను.

“నేనూ వస్తా తాతా. భుజం నేను తడతాలే.”

“నీకు గేరు తెల్దు, నాకు చెవుడు. ఇద్దరం కలిసి బండిని సంపుతాం. దిగు.”