మగ్గం గదిలో పొడిగాలి

ధర్మవరంలో ఆ పాత మట్టిమిద్దెకు హీట్ రికవరీ వెంటిలేటర్ బిగించినప్పుడు తప్పు చేసింది నేనే. అది నా ఉద్యోగంలో చివరి ఎండాకాలం. ఏసీ పనులు చేసే కంపెనీలో సీనియర్ సైట్ ఇంజనీరును. పట్టుచీరలు నేసే నాగలింగప్ప ఇల్లు బాగు చేయించి, దుమ్ము రాకుండా కిటికీలు బిగించి, ఏసీలు పెట్టించాడు. మూసిన ఇంటికి తాజా గాలి కావాలి. మా యంత్రం లోపలి పాత గాలిని బయటికి పంపుతూ, దాని చల్లదనాన్ని లోపలికొచ్చే వేడిగాలికి అందిస్తుంది. మధ్యన పలుచని రేకులు ఉంటాయి కాబట్టి రెండు గాలులూ కలవవు.

ఒక్క దూలం కోయకుండా, గోడల్లోని పాత గూళ్ల గుండా గొట్టాలు తీసుకెళ్లాను. ఆ పని తలుచుకుంటే నాకిప్పటికీ గర్వమే.

గొట్టం మగ్గం గదికి చేరిన రోజు నాగలింగప్ప భార్య సాలమ్మ అడ్డొచ్చింది. ఆ మగ్గం మీద మనవరాలి ముహూర్తం చీర ఉంది.

"ఏమప్పా ఇంజనీరూ, పట్టుకు తేమ ఉండాల. గాలి ఎండితే పోగులు తెగుతాయి."

"గాలి బాగుంటే పోగుకూ మంచిదేనమ్మా" అని నవ్వాను. రేకుల యంత్రం తేమను వెనక్కి ఇవ్వదని నాకు తెలుసు. ఆ రేకుల బదులు తేమనూ తిరిగి ఇచ్చే పొర వేరే దొరుకుతుంది. తెప్పిస్తే పని ఆలస్యమవుతుందని ఊరుకున్నాను.

యంత్రం నడపడం మొదలుపెట్టిన నాలుగో రోజు సాలమ్మ ఫోన్ చేసింది. "వచ్చి చూడు. పడుగు పోగులు పటపటా తెగతాండాయి. ఈయప్పకు పొద్దున్నించి అతికించేదే సరిపోయె."

వెళితే నాగలింగప్ప తలెత్తలేదు. "నా చేతిని ఇంతవరకు ఎవరూ మాటనలేదు సార్" అన్నాడు. డెబ్బై దాటిన మనిషి. చీరలో ముడులు కనిపిస్తే జనం వయసునే తప్పుపడతారు.

యంత్రం ఆపేశాను. తేమ పొర తెప్పించి నా చేత్తోనే బిగించాను. గాలి వచ్చే జాలీని మగ్గం మీది నుంచి తలుపు వైపు మార్చాను. నా నిర్లక్ష్యమే కారణమని రాసి మేనేజరుకు ఇచ్చాను. మళ్లీ నడిపిన రోజు మగ్గం పక్కనే కూర్చున్నాను. మధ్యాహ్నానికి నాగలింగప్ప విసుక్కున్నాడు: "ఇంగ లేప్పా. నువ్వు చూస్తాంటే తెగని పోగు గూడా తెగేట్టుండాది."

ఒక్కటీ తెగలేదు. బయట వడగాలి కొడుతున్నా గదిలో గాలి హాయిగా ఉంది. ఆ యంత్రం ఇప్పటికీ చక్కగా నడుస్తోంది. కానీ చీరలో జానెడు మేర ముడులు మిగిలిపోయాయి.

పనిచేసే మనిషిని అడిగి, విని, ఆ తర్వాతే యంత్రం ఎంచాలి. ఉద్యోగం మొదట్లో రావలసిన బుద్ధి నాకు చివర్లో వచ్చింది.

పెళ్లికూతురికి చీర ఇచ్చే రోజు నేనూ వెళ్లాను. పెళ్లికొడుకు మేనత్త ఆ జానెడు మీద వేలు పెట్టి, "ముసలాయనకు చూపు తగ్గినట్టుండాదే" అంది. నాగలింగప్ప నేల వైపు చూశాడు. నేను లేచి నిలబడి, ఆ ముడులు నా వల్ల పడినవని, సాలమ్మ ముందే చెప్పినా నేను వినలేదని, ఆయన చేతిలో ఏ లోపమూ లేదని అందరి ముందూ చెప్పాను.