మామ్మ గొంతు కోసం చిన్న రిలే

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడేది మా మామ్మ. నాన్నగారిది రైల్వే ఉద్యోగం కావడంతో విజయనగరం వైపు నుంచి వచ్చి ఇనప ఖనిజం గనులున్న కిరండూల్‌లో రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. పక్షవాతం వచ్చాక మామ్మ గొంతు బాగా సన్నబడింది. వెనక గదిలోంచి పిలిస్తే వంటింటికి వినిపించేది కాదు. ఖనిజం మోసే గూడ్సు బండ్ల చప్పుడొకటి, మా పిల్లల గోల ఒకటి. ఒకరోజు మంచినీళ్ల కోసం తానే లేవబోయి పడిపోయింది. ఆ తర్వాత ఆవిడ నోరు తెరవడమే మానేసిందనుకున్నాం.

మా బాబాయి రైల్వే సిగ్నళ్లు బాగుచేసే మెకానిక్. ఆ ఆదివారం పాత రేడియో సామాను ముందేసుకుని కూర్చున్నాడు. మామ్మ మంచం దగ్గర ఒక స్పీకరు, వంటింట్లో ఒకటి, మధ్యలో గొంతు పెంచే యాంప్లిఫయరు. మామ్మ దగ్గరి స్పీకరే మైకులా ఆవిడ మాటను వంటింటికి పంపుతుంది. అమ్మ జవాబు చెప్పాలంటే బటన్ నొక్కాలి. అప్పుడు మాట వెళ్లే దారిని తిప్పేది రిలే. దాని తీగచుట్టలోకి కరెంటు వెళ్తే అయస్కాంతమై లోపలి రేకును లాగుతుంది. రేకు ఒక మొనను వదిలి ఇంకో మొనను తాకుతుంది. అంతే దాని పని.

మొదట నీళ్ల మోటారు పాత స్టార్టరులోంచి తీసిన రిలే పెట్టాడు. నా పిడికిలంత ఉంది. బటన్ నొక్కితే టక్కుమంది, వదిలితే మళ్లీ టక్కుమంది. కానీ మంచం దగ్గర మాట్లాడి చూస్తే వంటింటి స్పీకరులో గరగర తప్ప ఏమీ లేదు. రిలే పాడైందన్నాను. బాబాయి దాన్నే ఒక బల్బుకు కలిపాడు. బల్బు నిక్షేపంగా వెలిగింది.

"బల్బుకి పనిచేసింది మామ్మకెందుకు చెయ్యదు?" అన్నాను.

"మొనల మీద సన్నటి మసి పొరుందమ్మా. బల్బు కరెంటుకి బలముంది, పొరని చీల్చుకుని ఎలిపోతాది. మామ్మ మాట కరెంటుగా మారితే ఏపాటిదుంటాది? పొర కాడే ఆగిపోతాది."

"అయితే గీకేద్దాం."

"గీకితే ఇయ్యాల పలుకుతాది. వానాకాలం కదా, మళ్లీ పొర కడతాది. దీనికి ఏరే రకం ఉందిలే."

కొన్నాళ్లకు విశాఖపట్నం నుంచి వచ్చే వాళ్లెవరి చేతో ఇంకో రిలే తెప్పించాడు. అగ్గిపెట్టెలో సగం కూడా లేదు. తేమ చొరబడకుండా నాలుగు వైపులా మూసి ఉంది. లోపలి మొనలకు బంగారు పూత ఉంటుందన్నాడు. నేను నమ్మలేదు. బంగారమంటే నాకు తెలిసింది అమ్మ మెడలోదే. ఇంత చిన్నదానికి బంగారమెందుకని అడిగాను.

"బంగారానికి పొర కట్టదు. సన్నటి మాటకి దారి శుభ్రంగా ఉండాల" అన్నాడు తీగలకు అతుకు పెడుతూ.

మర్నాడు బడి నుంచి వచ్చి సంచీ వంటింటి గుమ్మం దగ్గర పడేశాను. స్పీకరులో మంచం కిర్రుమంది. ఎవరో ఊపిరి పీల్చుకున్నట్టు వినిపించింది. తర్వాత స్పష్టంగా, "ఓలమ్మీ, ఇయ్యాల బళ్లో ఏటి సెప్పినారు?" అంది మామ్మ.

కూర కలుపుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. నేను వెనక గదికి పరిగెత్తాను. "ఎప్పుడూ అడగవు, ఇవాళ అడిగావేం మామ్మా?" అన్నాను.

"దినామూ అడుగుతున్నానే. నువ్వు సంచీ పెట్టిన సప్పుడవగానే అడుగుతాను" అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే నాకు ఏడుపొచ్చింది. మంచం మీద కూర్చుని ఆ రోజు పాఠమంతా చెప్పాను.

పెద్దయ్యాక ఆ ప్రాంతంలోనే సుక్మా దగ్గరి ఒక ఊళ్లో పంతులమ్మనయ్యాను. ఇంట్లో దోర్లీ, గోండీ అనే గిరిజన భాషలు మాట్లాడే పిల్లలు నా దగ్గర నోట్లోనే గొణిగేవారు. వాళ్లనెన్నడూ గట్టిగా చెప్పమనలేదు. మిగతా పిల్లల్ని ఊరుకోమని, వెళ్లి ఆ గొణిగే పిల్ల పక్కనే నేలమీద కూర్చునేదాన్ని. ఇప్పుడు రిటైరయ్యాను గానీ, ఎవరి గొంతైనా సన్నగా వినిపిస్తే లేచి దగ్గరికి వెళ్తాను.