నీళ్ళు పోసే ఆంటీ ఇల్లు

దీపావళి తర్వాత మొదలైంది ఈ వింత. ఢిల్లీ మయూర్ విహార్‌లో మాణిక్యాంబగారి గేటు ముందు ఎవరో ఒకరు నిలబడి ఫోను పైకెత్తుతున్నారు. ఆవిడ కిటికీ తెర సందులోంచి చూసేవారు. జంటలు వస్తున్నారు, కాలేజీ పిల్లలు వస్తున్నారు. మెట్ల పక్కనున్న కరివేపాకు కుండీ దగ్గర నిలబడి ఫొటో తీయించుకుని వెళ్ళిపోతున్నారు.

ఉద్యోగమంతా ఆడిట్‌లో గడిపి రిటైరైన ఒంటరి మనిషి. ఊరికే ఎవరూ ఏ పనీ చెయ్యరన్నది ఆవిడ వేదాంతం. మొదట బ్రోకర్లనుకున్నారు, తర్వాత దొంగలనుకున్నారు. గేటుకు రెండో తాళం వేశారు. కూరగాయల భయ్యాని కూడా నాలుగు ప్రశ్నలడిగి గాని సంచీ చాపడం లేదు. పైగా సంక్రాంతి వెళ్ళగానే మేనకోడలి గృహప్రవేశానికి రాజమండ్రి వెళ్ళాలి. ఎప్పటిలా పైఇంటి లక్ష్మీకుమారికి తాళంచెవి ఇచ్చి వెళ్తే ఇల్లు ఇల్లులా ఉంటుందా అన్నదే ఆవిడ బెంగ. ఢిల్లీలో ఊరెళ్ళేటప్పుడు తాళంచెవి ఎవరి చేతిలో పెడితే వాళ్ళే చుట్టం.

జనం ఏం చూడటానికి ఊళ్ళు తిరుగుతారో చెప్పలేం. ఒకప్పుడు ఢిల్లీ వచ్చినవాళ్ళు కుతుబ్ మీనార్ కింద మెడ నొప్పెట్టేదాకా తలెత్తి చూసి రైలెక్కేవారు. ఇప్పుడు ఊరి నడిబొడ్డునున్న పాత దిగుడుబావి కట్టించినవాడెవడో ఎవరికీ అక్కర్లేదు, సినిమా హీరో ఏ మెట్టు మీద కూర్చున్నాడో కావాలి. నవ్వాల్సిన పనిలేదు. పర్ణశాలలో చీర ఆరేసిన బండను కళ్ళకద్దుకున్నవాళ్ళ మనవలే వీళ్ళు. మాణిక్యాంబగారూ చిన్నప్పుడు అద్దుకున్నారు. కాకపోతే ఆ బండ ఆవిడ గుమ్మం ముందు లేదు.

ఒక ఆదివారం ఇందిరాపురం నుంచి నేహా అనే అమ్మాయి వచ్చి, ఫొటో తియ్యకుండా మర్యాదగా బెల్లు కొట్టింది.

"ఆంటీ, పానీవాలీ ఆంటీ ఇక్కడే ఉంటారా?"

నీళ్ళ ఆంటీ ఎవరని ఆవిడ గ్రిల్లు తెరవకుండానే నిలదీశారు. ఆ పిల్ల గ్రిల్లు సందులోంచి ఫోను చూపించింది. దీపావళికి విడుదలైన సినిమా అట. తెర మీద మాణిక్యాంబగారి హాలు. ఆవిడ పేము కుర్చీ, టీవీ మీద ఆవిడ అల్లిన క్రోషియా గుడ్డ. కథానాయిక ఏడుస్తూ సూట్‌కేసుతో మెట్లు దిగుతోంటే, పక్కనే ఒకావిడ తలెత్తకుండా కరివేపాకు మొక్కకు మగ్గుతో నీళ్ళు పోస్తోంది. లోకం ఎలా పట్టించుకోదో ఆ మగ్గులోనే చూపించారని, ఆ సీనుకే సినిమాహాలంతా ఏడ్చిందని నేహా చెప్పింది.

నీళ్ళు పోస్తున్నది లక్ష్మీకుమారి.

మాణిక్యాంబగారికి గత వేసవి గుర్తుకొచ్చింది. మొక్కకు నీళ్ళు పొయ్యమని తాళం అప్పజెప్పి రాజమండ్రి వెళ్ళొచ్చేసరికి, వెనక పెరట్లో ఉండాల్సిన కుండీ ముందు మెట్ల దగ్గరుంది.

సాయంత్రం లక్ష్మీకుమారి మామూలుగా టీకి దిగింది.

"లక్ష్మీ, వేసవిలో కుండీ ముందుకెందుకు తెచ్చానన్నావ్?"

"వెనక ఎండ తగలట్లేదని చెప్పాను కదండీ అక్కయ్యగారూ."

"ఒట్టి ఎండేనా, లైట్లు కూడానా?"

లక్ష్మీకుమారి చెంగు వేలికి చుట్టుకుంది. సినిమావాళ్ళు ముందు తన ఇల్లే చూశారట, మేడమెట్లు ఇరుకని కిందిల్లు అడిగారట. ఒక్కరోజే. చెప్పులు బయటే విడిపించిందట, దేవుడి గదిలోకి పురుగును కూడా పోనివ్వలేదట.

"ఎంతిచ్చారు?"

"డబ్బు వద్దన్నాను. వేషం ఇమ్మన్నాను."

"నన్నొక మాట అడగొచ్చుగా?"

"అడిగితే వద్దంటారు."

"అంటాను."

"అందుకేనండీ."

మాణిక్యాంబగారికి ఇల్లు వాడుకున్నందుకు వచ్చిన కోపం కొంచెమే. కానీ ఈ రెండు నెలలూ దొంగల భయం చెప్పుకుంటుంటే ఎదురుగా కూర్చుని వింటూ, రెండో తాళం వెయ్యమని సలహా ఇచ్చింది కూడా ఈ మనిషే. అదే మింగుడు పడలేదు.

ప్రయాణం రోజున మాణిక్యాంబగారు కుండీని ఈడ్చుకెళ్ళి పెరట్లో పెట్టారు. పెరటివైపు వంటింటి తలుపు లోపల గడియ వేసి, హాలుకు తాళం వేసి, పెరటి గేటు తాళంచెవి ఒక్కటే పైఇంటావిడ చేతిలో పెట్టారు.

"హాలుదండీ?"

"మొక్క వెనకుంది. నీళ్ళకి ఇది చాలు."

లక్ష్మీకుమారి తాళంచెవి అటూ ఇటూ తిప్పి చూసింది. "కుండీ ముందు లేకపోతే వచ్చినవాళ్ళు ఇల్లు పోల్చుకోలేరేమోనండీ."

"పోల్చుకోకూడదనే."

టాక్సీ సందు మలుపు తిరుగుతుంటే మాణిక్యాంబగారు వెనక్కి చూశారు. ముందు మెట్ల మీద, కుండీ లేని చోట, లక్ష్మీకుమారి నిలబడి ఉంది. ఇస్త్రీ చీర, చేతిలో మగ్గు. మాణిక్యాంబగారు హ్యాండ్‌బ్యాగు తెరిచి, హాలు తాళంచెవి ఉందో లేదో తడిమి చూసుకున్నారు.