ఊగే ఓడలో రసమట్టం

పంతొమ్మిదో ఏట ఆస్గౌత్ ఒక చేపల ఓడలో వల తాళ్లు లాగే వించ్ యంత్రంలో అరిగిపోయిన ఇరుసును, విప్పి బయటికి తీయకుండానే, నాలుగు రోజులు ఆకురాయితో రాసి గుండ్రంగా చేశాడు. వేళ్ల తోలు ఊడింది. ఇరుసు మాత్రం పదకొండేళ్లు తిరిగింది. ఆ తర్వాత మా ఫోస్నవోగ్ రేవులో ఆయన చెయ్యి పడని వించ్ లేదు. ఐస్లాండ్ వాళ్లు పిలిపించుకున్నారు, ఫారో దీవుల వాళ్లు పిలిపించుకున్నారు. చదివింది మా దీవి బడిలో ఏడో తరగతి.

ఈ ఫిబ్రవరిలో సీవెర్ట్ ఓడలో వల తాళ్లు చుట్టే డ్రమ్ముకు బ్రేకు జారసాగింది. బ్రేకు పట్టీ రాపిడికి డ్రమ్ము మీద చిటికెనవేలు దూరేంత గాడి పడింది. తాడు పట్టు తప్పితే ఆ విసురుకు మనిషి రెండు ముక్కలే. ఓడ కదలకపోతే కాడ్ చేపల అదను పోతుంది. సీవెర్ట్‌కీ, అతని ఓడలో పనిచేసే తొమ్మిదిమందికీ ఏడాది తిండి అదే.

పట్నం నుంచి ఇద్దరు ఇంజినీర్లు దిగారు. పెట్టె తెరిచి, రసమట్టం తీసి, నీళ్లమీద ఊగే ఓడలో డ్రమ్ము మీద పెట్టారు! బుడగ అటూ ఇటూ పరిగెత్తింది. అలలు ఆగేదాకా కాఫీ తాగుతూ కూర్చున్నారు మహానుభావులు. రెండు రోజులు!

“మీరొచ్చారని సముద్రానికి కబురు పెట్టారా బాబూ?” అన్నాడు ఆస్గౌత్.

“కొలత కుదరందే కోత ఎలాగండీ? విప్పి ఫ్యాక్టరీకి పంపాలి. ఏడు వారాలు,” అన్నాడు పొడుగాయన.

“చేపల్ని కూడా ఆగమనండి మరి.”

డ్రమ్ము తిన్నగా ఉందో వంకరో చెప్పేది దాని ఇరుసు, బుడగ కాదు. ఇది మా రేవులో పిల్లులక్కూడా తెలుసు. ఆస్గౌత్ డెక్కు మీద చట్రం బిగించి, దానికి కోత ఉలి అమర్చి, వించ్ మోటారుతోనే డ్రమ్మును నెమ్మదిగా తిప్పించాడు. ఇనుప రజను గంపలకెత్తారు. మూడో రోజుకు గాడి మాయం. డ్రమ్ము పలచబడ్డ మేరకు పట్టీకి మందమైన లైనింగు వేశాడు.

“దీనికి పూచీగా మేం సంతకం పెట్టం,” అన్నారు ఇంజినీర్లు. అంతే, సీవెర్ట్ ఆస్గౌత్ దగ్గరికొచ్చాడు.

“పెద్దాయనా, కోప్పడకు. లోతు నీళ్లలో బ్రేకు జారితే నా మనుషులు పోతారు.”

“మీ నాన్న పేరు నిలబెట్టావురా! ఆయనా ఇంతే, వాన పడుతుంటే కూడా రేడియో చెప్పాకే గొడుగు తీసేవాడు. సరే, మొదటి వల దించేటప్పుడు బ్రేకు పక్కన నేనుంటా. పోతే ముందు నేను పోతా. చాలా?”

సీవెర్ట్ ఓడలోకి వలలు ఎక్కించాడు. డెబ్బై ఒకటో ఏట ఆస్గౌత్ సంచీ భుజాన వేసుకుని ఓడెక్కాడు. మార్చి ఇరవై రెండున ఓడతో పాటే తిరిగొస్తాడు.